హేతువు: తోసేదా, తెలిపేదా?

హేతువు అనగానే హేతువాదం, నిరూపణ గుర్తొస్తాయి. కానీ ఈ సంస్కృత పదం పుట్టింది ‘హి’ ధాతువు నుంచి. కదిలించడం, ముందుకు తోయడం దాని అర్థం.

తర్కాన్ని చర్చించే న్యాయదర్శనంలో హేతువు పని వేరు. కొండమీద నిప్పుంది, ఎందుకంటే పొగ ఉంది. తెలిసినదాన్నిబట్టి తెలియనిదాన్ని ఊహించే ఐదు అవయవాల (వాక్యాల) ‘అనుమానం’లో ఈ పొగ మాటే హేతువు. పొగ నిప్పును పుట్టించదు, నిప్పుందని తెలుపుతుంది, అంతే.

మరి తోసేదేమైంది? గొడుగు తీస్తున్న మనవణ్ణి అమ్మమ్మ అడుగుతుంది, “ఎందుకురా?” “మబ్బు పట్టింది అమ్మమ్మా.” వాడు చెప్పింది తెలిపే హేతువే. మబ్బు ఒక్కటే ఎవరిచేతా గొడుగు పట్టించదు. తడవకూడదన్న కోరిక తోడవ్వాలి. దాన్ని వాడు చెప్పడు, ఆమె అడగదు. న్యాయసూత్రాలు చర్చించే పదహారు ‘పదార్థాల్లో’, అంటే అంశాల్లో, ‘ప్రయోజనం’ ఉన్నది సరిగ్గా ఇందుకే: దేన్ని కోరి మనిషి పనికి పూనుకుంటాడో అది.

1957లో తత్వవేత్త ఎలిజబెత్ ఆన్స్‌కోమ్ ‘ఇంటెన్షన్’ పుస్తకంలో, కావాలని చేసిన పనిని గుర్తుపట్టడానికి ‘ఎందుకు’ అన్న ప్రశ్ననే పట్టుకుంది. ఆ ప్రశ్నకు మన తెలుగు మాట నాకెంతో ఇష్టం. చివరనున్న ‘కు’ ఊరికి, బడికి అన్నప్పటి ‘కి’కి తోబుట్టువే. వెనకున్న కారణాన్ని అడుగుతూనే, ముందున్న గమ్యాన్నీ అడుగుతుంది.