చేతికి అందే దస్తావేజు
పెట్టుబడిదారులకు చూపే స్లైడ్లను ‘కంపెనీ దస్తావేజు’ అనడం ఈమధ్య తరచు వింటున్నాను. ఆ మాట బరువు తెలిస్తే అనరు. ఫారసీలో ‘దస్త్’ అంటే చెయ్యి, ‘ఆవేజ్’ అంటే వేలాడటం, పట్టుకోవటం. చేత పట్టుకుని ఆధారపడేది దస్తావేజ్. పెద్దల దర్శనానికి తీసుకెళ్లే చిన్న కానుకనూ, చివరికి సాకునూ కూడా అక్కడ అలాగే అన్నారు. కచేరీల దారిన తెలుగులోకొచ్చేసరికి కానుక రాలిపోయి, హక్కుకు ఆధారమైన కాగితం మిగిలింది. పైచెయ్యి వాడి ‘జబర్దస్తీ’, తెలంగాణలో చేతిరుమాలైన ‘దస్తీ’ దీని చుట్టాలే. మనకు దస్తావేజంటే పొలమూ ఇల్లూ. స్టాంపు కాగితం మీద లేఖరి చేత రాయిస్తాం, సబ్ రిజిస్ట్రారు దగ్గర రిజిస్టరు చేయిస్తాం. వ్యాపారం దగ్గర మాత్రం ‘మనలో మనకు కాగితమెందుకు’ అంటారు! అది స్నేహం కాదు, బద్ధకం. 1932 నాటి భాగస్వామ్య చట్టం ఫర్మ్ రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేయలేదు గానీ, 69వ సెక్షన్‌లో మెలిక పెట్టింది: రిజిస్టరు కాని ఫర్మ్, ఒప్పందం ప్రకారం రావలసిన బాకీకి బయటివాళ్ల మీద మామూలుగా దావా వేయలేదు; వాళ్లు దీని మీద వేయవచ్చు. 1899 నాటి స్టాంపు చట్టమూ తక్కువది కాదు. సుంకం చాలని పత్రాన్ని, లోటూ జరిమానా కట్టేదాకా కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. కంపెనీకైతే 2013 చట్టం కింద మెమొరాండం, ఆర్టికల్స్ దాఖలు చేసి రిజిస్టరయితేనే పుట్టుక. స్లైడ్లను స్లైడ్లనే అనండి; దస్తావేజు విడిగా రాయించుకోండి.