వరంగల్ డాక్టర్ల పాత విద్యార్థి సంఘం: పుట్టుక, పనులు

మన డయాసిస్ శతవార్షిక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాసి యివ్వమని సంపాదకవర్గంవారు కోరినప్పుడు, దేవాలయ నిర్మాణాలను గూర్చీ తొలి దైవజనులను గూర్చీ మాకంటె తెలిసినవారు వ్రాస్తారు గదా అని, మేము మరొక సంఘం సంగతి ఎత్తుకున్నాము. సంఘం అనగానే మనవారికి ఆదివారపు ఆరాధనకు చేరే జనమే గుర్తుకు వస్తారు. కాని మన ఊళ్ళో ఆదివారంతోనూ ఆరాధనతోనూ పనిలేని సంఘం మరొకటి ఉన్నది. అది కాకతీయ వైద్య కళాశాలలో చదువుకొని లోకం నలుమూలలకూ వెళ్ళిన డాక్టర్ల సంఘం. మేము డాక్టర్లం కాము. హనుమకొండ మిషను కాంపౌండు పక్కన పెరిగినవాళ్ళం, ఇంట్లో ఒక డాక్టరును కన్నవాళ్ళం. ఆ రెండు అర్హతలతోనే వ్రాస్తున్నాము.

ముందు మిషను కాంపౌండు మాట. అమెరికన్ బాప్టిస్టు మిషనువారు నెల్లూరులో 1840లోనే స్థిరపడినా, నైజాం రాజ్యంలోకి రావడానికి వారికి చాలా ఏళ్ళు పట్టింది. సికింద్రాబాదు తరువాత 1879లో హనుమకొండలో మిషను స్టేషను ఏర్పడింది. బోధకులు వచ్చిన కొద్దికాలానికే వారి వెంట వైద్యం వచ్చింది. డాక్టర్ జె. ఎస్. టింపనీ గారు ఇక్కడ దీర్ఘకాలం పనిచేశారు. విక్టోరియా మెమోరియల్ ఆసుపత్రి అని పేరు పెట్టుకున్న మిషను ఆసుపత్రికి ఎడ్లబండ్ల మీద దూర గ్రామాల నుండి రోగులు వచ్చేవారు. ఆ కాలపు ముసలివాళ్ళు ఆసుపత్రి అనేవారు కాదు, "దొర దవాఖాన" అనేవారు. అటు డిచ్‌పల్లిలో మెథడిస్టు మిషనువారి డాక్టర్ ఇసబెల్ కెర్ గారు 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రిని నడపడం మొదలుపెట్టినదీ ఈ కాలంలోనే. ఆ విధంగా నలభై యేభై ఏళ్ళపాటు తెలంగాణా పల్లెవాసికి పెద్ద వైద్యమంటే అమెరికా నుండో ఇంగ్లండు నుండో ఓడలో వచ్చిన వైద్యమే. ఈ మాట పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి. తరువాత ఓడలు ఎదురు దిక్కుకు నడిచినవి.

నైజాం ప్రభుత్వం 1846లోనే హైదరాబాదులో వైద్య పాఠశాల పెట్టింది. అందులో చదువు ఉర్దూలో సాగేది. అదే పెరిగి ఉస్మానియా వైద్య కళాశాల అయినది. 1954లో గాంధీ వైద్య కళాశాల వచ్చింది. రెండూ రాజధానిలోనే. వరంగల్, కరీంనగర్, ఖమ్మం, ఆదిలాబాదు జిల్లాల పిల్లవాడు డాక్టరు కావాలంటే పట్నం పోవాలి, పోయినవాడు తిరిగి రాడు. ఈ లోటు తీర్చడానికి వరంగల్లులో పెద్దలు కొందరు ప్రాంతీయ వైద్య విద్యా సంఘం అనే సొసైటీగా ఏర్పడి, 1959లో కాకతీయ వైద్య కళాశాలను ప్రారంభించారు. దానికి ముందు ఏడే, 1958లో, కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల కూడ దాతల పూనికతో మొదలైనది. అది అటువంటి కాలం. ప్రభుత్వం చేసేదాకా ఊరు ఊరకుండలేదు. తరువాత మన కళాశాల ప్రభుత్వం చేతికి వచ్చింది. కనుక పాత విద్యార్థుల సంఘం మాట అటుంచి, కళాశాలే ఒక సంఘం కడుపున పుట్టింది.

పేరు కూడ ఊరకే పెట్టినది కాదు. రుద్రమదేవి ఏలుబడిలో 1261లో వేయించిన మల్కాపురం శాసనంలో, విశ్వేశ్వర శివాచార్యులవారికి దానమిచ్చిన గ్రామాల ఆదాయంలో ఒక భాగం ప్రసూతిశాలకూ ఆరోగ్యశాలకూ చెందాలని ఉన్నది. ఆ ఊరు గుంటూరు జిల్లాలోనిది, శైవ మఠానికి సంబంధించినది. మనకెందుకు అనుకోనక్కర లేదు. కాన్పుకు వచ్చిన ఆడదానికి ఒక గది ఉండాలని ఏడువందల ఏళ్ళ క్రిందట రాతిమీద చెక్కించినవాళ్ళ పేరు, ఆ పనే చేసే కళాశాలకు దక్కడం సమంజసమే.

కళాశాల మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడిన పిమ్మట దాని కింద, 1986 తరువాత విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద నడిచింది. తెలంగాణా రాష్ట్రం వచ్చాక కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం వరంగల్లులోనే ఏర్పడింది. డాక్టరు కాని కవి పేరు వైద్య విశ్వవిద్యాలయానికి ఏమిటని అడిగినవారిని మేము ఎరుగుదుము. కాళోజీ గారు 2002 నవంబరు 13న కన్నుమూసినప్పుడు ఆయన దేహాన్ని ఈ కాకతీయ వైద్య కళాశాలకే అప్పగించారు. ఆ ఏడు అక్కడ చదివిన పిల్లలకు ఆయనకంటె దగ్గరి గురువు ఎవరు?

ఇక అసలు సంగతి. 1959లో చేరిన మొదటి బ్యాచి చదువూ హౌస్ సర్జన్సీ ముగించే వేళకు, అమెరికా ప్రభుత్వం 1965లో వలస చట్టాన్ని మార్చింది. దేశాన్నిబట్టి లెక్కగట్టే పాత పద్ధతి పోయి, చదువుకున్నవారికి తలుపు తెరుచుకున్నది. బ్రిటనులో జాతీయ ఆరోగ్య సేవకు అప్పటికే డాక్టర్ల కొరత. విదేశీ డాక్టర్లకు అమెరికా పెట్టే పరీక్ష వ్రాయడానికి కొలంబో దాకా పోయినవారున్నారు. తలుపు ఎల్లకాలం తెరిచి ఉండలేదు. బ్రిటనులో 1975 నుండి కొత్త పరీక్ష పెట్టారు, అమెరికా 1976లో చట్టం బిగించింది. అప్పటికే దాటవలసినవారు చాలామంది దాటారు. అమెరికా డాక్టరు హనుమకొండకు రావడం ఒక తరం, హనుమకొండ డాక్టరు అమెరికా పోవడం మరొక తరం. మా అమ్మ దొర దవాఖానలో పుట్టింది. ఆమె మనుమడు, అంటే మా అక్క కొడుకు, కాకతీయలో చదివి ఒహాయోలో దొరలకు వైద్యం చేస్తున్నాడు.

పోయినవాళ్ళు ఒంటరిగా ఉండలేదు. అమెరికాలో 1977లో తానా, 1982లో భారత సంతతి వైద్యుల సంఘం ఏర్పడినవి. వాటి నీడలోనే ప్రతి కళాశాల పాత విద్యార్థులూ తమ తమ గుంపులు కట్టుకున్నారు. గుంటూరువారు, విశాఖవారు, కాకినాడవారు, ఉస్మానియావారు, మన కాకతీయవారు. ఏడాదికొకసారి ఏదో ఒక నగరంలో హోటలు తీసుకొని కలుస్తారు. ఇక్కడ ఊళ్ళో ఉన్నవారి సంఘం ఒకటి, అక్కడివారి సంఘం ఒకటి. రెండింటికీ మధ్య తాడు బ్యాచి. ఫలానా ఏడాది చేరినవారు ఫలానా బ్యాచి. చేరి పాతికేళ్ళు నిండితే రజతోత్సవం, యాభై నిండితే స్వర్ణోత్సవం. డిసెంబరు, జనవరి నెలల్లో, అమెరికా పిల్లలకు సెలవులు వచ్చినప్పుడు, ఆ ఉత్సవాలు జరుగుతాయి. చనిపోయిన సహపాఠుల పేర్లు చదివి ఒక నిమిషం లేచి నిలబడతారు. వృద్ధులైన గురువులకు శాలువలు కప్పుతారు. మేము ఒకసారి మా మేనల్లుని వెంట పోయి వెనుక వరుసలో కూర్చున్నాము. తలలు నెరిసిన సర్జన్లు ఒకరినొకరు హాస్టలు మారుపేర్లతో పిలుచుకోవడం చూసి నవ్వాపుకోలేకపోయాము.

పనులు కూడ ఉన్నవి, ఉత్సవాలే కాదు. పాఠంలో మొదట వచ్చినవారికి బంగారు పతకాలు, పేద విద్యార్థులకు ఫీజులూ పుస్తకాలూ, సెలవులకు వచ్చిన నిపుణులచేత ఉపన్యాసాలు, పల్లెల్లో వైద్య శిబిరాలు. కళాశాల ఆవరణలో ఎన్నారై భవన్ అనే పేరుతో సభాభవనం ఉన్నది. ఎవరి రాకపోకలవల్ల ఆ పేరు వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. గుంటూరువారు ఇంకా ముందుకు పోయినారు. అక్కడి ప్రభుత్వాసుపత్రిలో పొదిల ప్రసాద్ గారి పేరున పెద్ద భవనమే లేచింది. 2022లో అమెరికాలో స్థిరపడిన పూర్వ విద్యార్థిని ఒకరు తల్లీ పిల్లల విభాగానికి సుమారు 20 కోట్ల రూపాయల తన ఆస్తి ఇస్తున్నట్టు సహపాఠుల సభలోనే ప్రకటించారు. 2021లో కరోనా రెండవ విడత వచ్చి ప్రాణవాయువుకు కటకట పడినప్పుడు, భారత సంతతి వైద్యుల సంఘం అమెరికా నుండి ఆక్సిజన్ యంత్రాలను విమానాల్లో పంపింది.

డబ్బు రావడం మనం అనుకున్నంత తేలిక కాదు. ఈ విషయం మన డయాసిస్ కోశాధికారులకు బాగా తెలుసు. విదేశీ విరాళాల చట్టం 1976లో వచ్చి, 2010లో కొత్త రూపు దాల్చి, 2020 సవరణతో ఇంకా బిగిసింది. ఆ సవరణ ప్రకారం విదేశీ విరాళం ఏ సంస్థకు వచ్చినా ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలో పడవలసిందే. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సంపాదనలోంచి ఇస్తే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకొని ఇస్తే అవుతుంది. ఒకే బ్యాచిలో పక్కపక్క బెంచీల్లో కూర్చున్న ఇద్దరి నూరు రూపాయలకు రెండు దారులన్నమాట. సామాను పంపితే మరొక చిక్కు. అమెరికా కరెంటు 120 వోల్టులది, మనది 230. అక్కడ బాగా పనిచేసిన యంత్రానికి ఇక్కడ ట్రాన్స్‌ఫార్మరు కావాలి, విడిభాగాలు కావాలి, బాగుచేసే మనిషి కావాలి. ఒక ఆసుపత్రి గదిలో అట్లా వచ్చిన యంత్రం దుప్పటి కప్పుకొని ఉండటం మేమే కళ్ళారా చూశాము. దాత పేరున్న పలక మాత్రం తుడిచి ఉన్నది. ఎవరినీ నిందించడం లేదు. మన దేవాలయాల్లోనూ తెల్లదొరలు పంపిన ఆర్గన్లు ఎలుకల పాలైనవి.

మా ఇంట్లో జరిగినది ఒకటి చెప్పక తప్పదు. కొన్నేళ్ళ క్రిందట మా అక్కకు రాత్రివేళ పక్షవాతం వచ్చింది. ఒక ఆసుపత్రికి తీసుకొనిపోతే స్ట్రెచరు దొరకలేదు, మంచం లేదన్నారు. వరండాలో బెంచీ మీద పడుకోబెట్టుకొని కూర్చున్నాము. ఒహాయోకు ఫోను చేశాము. అక్కడ పట్టపగలు. "మామా, నేను ఇప్పటికిప్పుడు రాలేను గాని మా బ్యాచోళ్ళు వస్తున్నరు, నువ్వు పరేషాన్ కాకు" అన్నాడు. అరగంటలో ఇద్దరు వచ్చారు, ఒకరు చొక్కా గుండీలు సరిగా పెట్టుకోకుండానే. మంచం దొరికింది, స్కాను అయింది, తెల్లవారేసరికి మందు పడింది. అక్క మరి మూడేళ్ళు బ్రతికింది. ఆ మూడేళ్ళూ వంతులవారీగా వారే వచ్చి చూశారు. ఒక్క పైసా పుచ్చుకోలేదు. సంఘం అంటే ఏమిటో మాకు ఆ రాత్రి తెలిసింది.

అయితే ఆ రాత్రే మరొకటి కూడ తెలిసింది. మా బెంచీకి ఎదురుగా ఏటూరునాగారం వైపునుండి వచ్చిన ఒక ముసలామె, ఆమె మనుమరాలు నేలమీద కూర్చొని ఉన్నారు. మాకు మంచం వచ్చి మేము లోపలికి పోతుండగా ఆ పిల్ల మావైపు చూసింది. వాళ్ళకు ఫోను చేయడానికి బ్యాచి లేదు. వాళ్ళ తరువాత ఏమైనదో మేము కనుక్కోలేదు, కనుక్కోవలసింది. ఆ సంగతి మా మేనల్లునితో అంటే చాలాసేపు మాట్లాడలేదు. "మా చదువుకు పెట్టిన సొమ్ము వాళ్ళదే గద మామా" అన్నాడు చివరికి. ప్రభుత్వ కళాశాలలో చదివిన డాక్టరు ఫీజు ఎంత కట్టాడో, ప్రజలు ఎంత కట్టారో లెక్క వేస్తే ఆ మాటలో అతిశయోక్తి లేదు. మరుసటేడు వాళ్ళ బ్యాచి ఉత్సవపు ఖర్చు తగ్గించుకొని, రోగుల వెంట వచ్చేవారికి దారి చూపడానికి, ఫారాలు నింపడానికి ఒక మనిషికి ఏడాది జీతమిచ్చారు. అది చిన్న పని. పలక వేయడానికి చోటు కూడ లేని పని.

మన సంఘాల పిల్లలు కొందరు వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు పోయి చదువుతారు. 1918లో ఐడా స్కడర్ గారు ఆడపిల్లలకోసం పెట్టిన వైద్య పాఠశాల అది, 1942లో ఎంబీబీఎస్ కళాశాల అయినది. అక్కడ సంఘం సిఫారసుతో సీటు పొందిన విద్యార్థి చదువు కాగానే మిషను ఆసుపత్రిలో కొంతకాలం పనిచేస్తానని ముందే సంతకం పెడతాడు. కాకతీయ విద్యార్థులమీద అటువంటి సంఘపు ఒప్పందం లేదు. అయినా వారు ఏడాదికొకసారి తమంతట తాము తిరిగి వస్తున్నారు. ఈ రెండింటిలో ఏది మేలో మేము తేల్చలేము. సంతకం పెట్టి ఏడుస్తూ పనిచేసినవారినీ చూశాము, సంతకం లేకుండా నవ్వుతూ వచ్చినవారినీ చూశాము.

ఎంజీఎం ఆసుపత్రి వెయ్యికి పైగా పడకలతో నాలుగు పాత జిల్లాల రోగులను ఇప్పటికీ మోస్తున్నది. పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల కొత్త ఆసుపత్రికి 2021 జూన్ 21న శంకుస్థాపన జరిగింది. మన స్త్రీల సమాజంవారు క్రిస్మస్ ముందు వార్డుల్లో పాలూ రొట్టె పంచడానికి పోతారు గదా, ఆ రోజుల్లోనే డాక్టర్ల రజతోత్సవాలు కూడ జరుగుతుంటాయి. కిందటి డిసెంబరులో మనవాళ్ళ రొట్టెల బుట్టలు రెండు మెట్లమీద ఉండగా, కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి ఆగి, తానూ ఇక్కడే చదివానని చెప్పి, ఒక బుట్ట ఎత్తుకొని మూడవ అంతస్తు దాకా మోసి పెట్టాడట. ఏ బ్యాచి అని అడగడం మనవాళ్ళు మరచిపోయారు.