కట్టడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఒక ఎత్తు

మెట్ల దగ్గర బల్బు మాడిపోతే వేయించేదెవరు? వసారాలో పెచ్చులూడితే అడిగేదెవర్ని? అపార్టుమెంటుల్లో ఉండే మనకే ఈ గోడు అనుకుంటాం. కాదు సుమండీ!

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 1950లలో పేదవాళ్ళకోసం ప్రూయిట్-ఐగో అని 33 భవనాలు కట్టారు. ఒక్కోటీ 11 అంతస్తులు. లిఫ్టు మూడేసి అంతస్తులకోసారి ఆగుతుంది. ఆగినచోట పొడుగాటి వసారా. అక్కడ పిల్లలు ఆడుకుంటారనీ, ఇరుగుపొరుగు కబుర్లు చెప్పుకుంటారనీ యమసాకి అనే ఆర్కిటెక్టు ఊహ.

కట్టడానికి కేంద్రం డబ్బిచ్చింది. బాగోగులు మాత్రం అద్దెల్లోంచే చూసుకోమంది. కాపురాలు తగ్గాయి, అద్దెలూ తగ్గాయి, మరమ్మతులు మూలపడ్డాయి. ఆ వసారాల్లో నడవాలంటేనే భయం! పైగా అద్దె పెంపు.

1969లో ఆ ఊళ్ళోని ప్రభుత్వ ఇళ్ళవాళ్ళు, ఆడవాళ్ళు ముందు నిలిచి, తొమ్మిది నెలలు అద్దె కట్టలేదు. చివరికి యాజమాన్యంలో అద్దెకున్నవాళ్ళకూ చోటు దక్కింది. అద్దె ఆదాయంలో నాలుగోవంతు మించకూడదని ఆ ఏడే చట్టమూ వచ్చింది.

కానీ ప్రూయిట్-ఐగోకి అప్పటికే ఆలస్యమైంది. 1972లో కూల్చడం మొదలుపెట్టి, 1976కల్లా నేలమట్టం చేశారు.

నాకు తోచేదొకటే. గోడ కట్టిన డబ్బు కంటికి కనిపిస్తుంది, దాన్ని నిలబెట్టే డబ్బు కనిపించదు. అందుకే నెలనెలా మెయింటెనెన్సు కడదాం, లెక్కా అడుగుదాం. అడగడానికి మొహమాటమెందుకు చెప్పండి?