రట్టయిన రహస్యము

వెనుకటి దినములలో సినిమాహాలు గుమ్మమువద్ద అమ్మెడి పాటల పుస్తకములను ఎరిగినవారికి ఒక సంగతి జ్ఞాపకముండును. వానిలో కథాసంగ్రహము ఒక ఘట్టమువరకు చక్కగా నడచును. నాయకుడు కారాగృహము పాలగును, నాయిక దిక్కులేనిదగును, అంతటితో కథ ఆగిపోవును. తరువాతి కథను వెండితెరపై చూడవలసినదని ఒక్క మాటతో ముగించెడివారు. కథ అంతయు పుస్తకములోనే తెలిసిపోయినచో టిక్కెట్టు కొనువారుండరను భయము అందు లేకపోలేదు. కాని ఆ మాటలో వ్యాపారమునకు మించిన మర్యాద కూడ ఉన్నది. కథ వినువానికి 'తరువాత ఏమైనది?' అని అడిగెడి హక్కు కలదు. ఆ హక్కును ముందుగా హరింపరాదనుటయే ఆ మర్యాద.

ఈ మర్యాదను కఠిన నియమముగా మార్చి ప్రేక్షకలోకముచేత పాటింపజేసినవాడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్. ఆయన తీసిన 'సైకో' 1960 జూన్ నెలలో న్యూయార్కు నగరమున విడుదలయ్యెను. దాని కీర్తిని ఏండ్ల తరబడి వినుచు, చూడక, తుదకు నేడు మొదటిసారి చూచువారికి అందులో ఏమి మిగిలియున్నది? రహస్యము రట్టయిన పిమ్మట రహస్యకథకు ప్రాణముండునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ముందు ఆ చిత్రము పుట్టుకను తెలిసికొనుట మంచిది.

1957 నవంబరులో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున, ప్లెయిన్‌ఫీల్డ్ అను చిన్న ఊరిలో ఒక హంతకుడు పట్టుబడెను. అతడు ఒంటరివాడు, ఇరుగుపొరుగువారికి తెలిసినవాడు. ఇద్దరు స్త్రీలను చంపినట్లు అతడు ఒప్పుకొనెను. ఆ రాష్ట్రముననే నివసించుచుండిన రాబర్ట్ బ్లాక్ అను రచయితను ఆ వార్త కలవరపెట్టెను. మనకు తెలిసిన ముఖము వెనుక మనమెరుగని మనిషి దాగియుండవచ్చునను తలపే 1959లో వెలువడిన 'సైకో' నవలకు బీజము. హిచ్‌కాక్ తన పేరు బయటపడకుండ దాని చిత్రహక్కులను కొనిపించెను.

అప్పటికి ఆయన వయస్సు సుమారు 60 ఏండ్లు. అదే సంవత్సరమున రంగులలో బహువ్యయముతో తీసిన 'నార్త్ బై నార్త్‌వెస్ట్' ఆయనకు గొప్ప విజయమును తెచ్చియుండెను. అట్టి దర్శకుడు ఇట్టి కథను చేపట్టుట పారమౌంట్ సంస్థవారికి రుచింపలేదు. వారు మామూలుగా ఇచ్చెడి వ్యయము ఈయ నిరాకరింపగా, ఆయన తన సొంత సంస్థ పక్షమున పెట్టుబడి పెట్టెను. తనకు రావలసిన 2,50,000 డాలర్ల పారితోషికమునకు బదులుగా చిత్రములో 60 శాతము వాటాకు ఒప్పుకొనెను. 1955 నుండి టెలివిజనులో తాను సమర్పించుచుండిన కథామాలికకు పనిచేసిన సిబ్బందిలో పలువురిని తీసికొని, నలుపు తెలుపులలో, సుమారు 8 లక్షల డాలర్లతో చిత్రమును పూర్తిచేసెను. పందెము ఆయనది, ఫలితమును ఆయనదే. చిత్రము వ్యయమునకు ఎన్నో రెట్లు ఆర్జించెను.

ఇక ఆ నియమము మాట. ఆ దినములలో అమెరికా సినిమాహాళ్లలో ఆటలు ఒకదాని వెంట నొకటి ఎడతెగక సాగుచుండెడివి. ప్రేక్షకుడు నడుమ ఎప్పుడైనను వచ్చి కూర్చుండి, మరుసటి ఆటలో తాను వచ్చిన ఘట్టము రాగానే లేచిపోవుట వాడుక. 'సైకో'కు అది చెల్లదని హిచ్‌కాక్ శాసించెను. ఆట మొదలైన తరువాత ఎవ్వరిని లోనికి విడువరాదు. చూచి వెలుపలికి వచ్చినవారు ముగింపును ఇతరులకు చెప్పరాదు. విమర్శకులకు సహితము ముందుగా చిత్రమును చూపలేదు. ఇట్టి కోరిక అంతకుముందు లేనిది కాదు. 1952 నుండి లండనులో ఆడిన అగాథా క్రిస్టీ నాటకము 'ది మౌస్‌ట్రాప్' చివర హంతకుని పేరు బయట చెప్పవద్దని ప్రేక్షకులను వేడుకొనుట ఆచారము. 1955లో ఫ్రాన్సు దర్శకుడు క్లూజో తన 'లె దియాబొలిక్' చిత్రము చివర తెరపై ఆ విధముగనే ప్రార్థించెను. కాని హిచ్‌కాక్ ప్రార్థించి ఊరకొనలేదు, ద్వారమును మూయించెను.

ఇందుకు బలమైన కారణము కలదు. చిత్రములో ప్రసిద్ధ తార జానెట్ లీ. ఆమె ధరించిన మేరియన్ అను యువతి తన యజమాని సొమ్ము 40,000 డాలర్లు అపహరించి, కారులో పారిపోయి, వాననాటి రాత్రి బాటప్రక్కనున్న ఒక మోటెల్‌లో బసచేయును. చిత్రము సగము కాకమునుపే స్నానపుగదిలో ఆమె హత్యకు గురియగును. నాయికను సగములోనే చంపినవారు అంతవరకు అరుదు. ఆలస్యముగ వచ్చినవాడు ఆమె ఎప్పుడు కనబడునా యని చివరిదాక తెరవంక చూచుచు కూర్చుండవలసివచ్చును.

ఆ హత్యాఘట్టమే చిత్రమునకు కీర్తియు, శాపమును అయినది. తెరపై అది ఒక నిమిషమైన ఉండదు. దానిని 1959 డిసెంబరులో 7 దినములు చిత్రీకరించిరి. 70కి పైగా కెమెరా కోణములను వాడిరి. కత్తి దేహములో దిగుట స్పష్టముగ కనబడదు. నీటిలో కలసి పారు నెత్తురు చాకొలెట్ పాకము. పోటు చప్పుడు ఖర్బూజా జాతి పండును పొడిచినప్పటి చప్పుడు. చూచినవారు మాత్రము సర్వము చూచితిమనియే నమ్మిరి. తదాది ఆ ఘట్టమును అనుకరించినవారు, ఎగతాళి చేసినవారు, పాఠముగా బోధించినవారు లెక్కకు మించిరి. చిత్రమును చూడనివారు సహితము ఆ ఘట్టమును ఎరుగుదురు. దర్శకుడు ద్వారములు మూయించి కాపాడిన రహస్యమును కీర్తియే వీధిన పెట్టినది.

మేమును అట్లు విని విని చూచినవారమే. దీపములార్పి కూర్చుండినప్పుడు మా మనస్సులలో భయముకంటె సందేహమే హెచ్చుగా నుండెను. ఇంతటి ప్రశంసకు ఏ చిత్రమైనను తాళగలదా? మన హరికథల సంగతి వేరు. రాముడు రావణుని చంపునో లేదో తెలిసికొనుటకు హరికథకు పోవువాడు లేడు. తెలిసిన కథను దాసుగారు ఎట్లు చెప్పుదురో వినుటకే పోవుదుము. కాని అపరాధ కథకు తెలియకపోవుటయే ప్రాణమని సామాన్యముగా తలచుచుందుము.

ఈ విషయమున హిచ్‌కాక్ స్వయముగ చేసిన విభాగమొకటి కలదు. ఫ్రెంచి దర్శకుడు త్రుఫోతో 1962లో జరిపిన సంభాషణలలో దానిని వివరించెను. బల్లక్రింద బాంబున్నట్లు ప్రేక్షకునికి తెలియక, అది హఠాత్తుగా పేలినచో, కలుగునది క్షణకాలపు ఆశ్చర్యము. బాంబున్నట్లు ప్రేక్షకునికి తెలిసి, బల్లయొద్ద కూర్చున్నవారికి తెలియక, వారు పిచ్చాపాటీ మాటలాడుకొనుచున్నచో, కలుగునది ఉత్కంఠ. మొదటిదానికంటె రెండవదియే మేలని ఆయన మతము.

'సైకో'ను నేడు చూచువారికి జరుగునది ఇదియే. 1960 నాటి ప్రేక్షకునికి అది దొంగతనపు కథగా మొదలైనది. ఆ సొమ్ము దొరకునా, ఆమె పట్టుబడునా యనియే అతడు చింతించెను. మాకు బల్లక్రింది బాంబు మొదటినుండియు తెలియును. మేరియన్ వానలో కారు నడుపుచుండగా దూరమున మోటెల్ దీపము వెలుగును. ఆమెకు అది ఆశ్రయము, మాకు గుండెదడ. ఆ మోటెల్ యజమాని నార్మన్ ఆమెకు రొట్టెయు పాలును తెచ్చి ఇచ్చి, గడ్డి కూరిన పక్షుల నడుమ కూర్చుండి, మనుష్యులు తమ తమ బోనులలో ఎట్లు చిక్కుకొందురో మాటలాడును. ఆ సంభాషణ విని ఆమె సొమ్మును తిరిగి ఇచ్చివేయ నిశ్చయించుకొనును. మంచిబుద్ధి పుట్టిన రాత్రియే మృత్యువు వచ్చుచున్నదని తెలిసి చూచుట మొదటి ప్రేక్షకునికి లేని దుఃఖము. మేము పోగొట్టుకొన్నది ఒక కేక, పొందినది జాలి.

ఆ పిమ్మట ఇంకొక విచిత్రము జరుగును. నార్మన్ ఆమె కారును బురదమడుగులోనికి త్రోయును. అది సగము మునిగి నిలిచిపోవును. ఆ క్షణమున మేము అందరమును ఊపిరి బిగబట్టి, అది మునిగిన బాగుండునని కోరుకొంటిమి. ఏ న్యాయముచేత అట్లు కోరుకొంటిమి? ఈ ఘట్టమును గూర్చి మాకెవ్వరును ముందుగా చెప్పలేదు. మన మనస్సు ఎంత సులభముగ పక్షము మార్చుకొనునో చూపునట్టి ఈ ఘట్టము కత్తిపోటుకంటె భయంకరము.

రేడియో శ్రోతలు గమనింపదగిన విశేషమొకటి. ఈ చిత్రమునకు సంగీతము కూర్చిన బెర్నార్డ్ హెర్మన్ రేడియోలో చేయి తిరిగినవాడు. 1938లో ఆర్సన్ వెల్స్ ప్రసారము చేసిన 'వార్ ఆఫ్ ది వరల్డ్స్' నాటికకు వాద్యబృందమును నడపినవాడు ఆయనయే. ఇందులో ఆయన తంత్రీవాద్యములను తప్ప వేరు వాద్యమును వాడలేదు. హత్యాఘట్టమునకు సంగీతము వలదని హిచ్‌కాక్ మొదట తలచెను; హెర్మన్ కూర్చినదానిని విని మనస్సు మార్చుకొనెను. సంక్షిప్త శబ్దచిత్రములను విని బొమ్మను ఊహించుకొను అలవాటు గల మనవారు, కన్నులు మూసికొని ఆ వయొలిన్ల కూతను ఒకసారి వినవలెను. కత్తి కనబడకున్నను గాయము తెలియును.

లోపములు లేవని కాదు. చివర ఒక వైద్యుడు చేయు దీర్ఘ వ్యాఖ్యానము విసుగు పుట్టించును. అంతకంటె పెద్ద లోపము చిత్రమునకు వెలుపల నున్నది. మనోవ్యాధిగ్రస్తులందరును హంతకులేయను అపోహకు ఇట్టి కథలు ఊతమిచ్చినవి. చిత్రము పేరే నేడు తిట్టుమాట అయినది. ప్లెయిన్‌ఫీల్డ్ హంతకుని ఎరిగినవారు పెక్కురు. అతనిచేత హతులైన స్త్రీల పేర్లను తలచువారు అరుదు.

విమర్శకులు మొదట ముఖము చిట్లించిరి. 'న్యూయార్క్ టైమ్స్' విమర్శకుడు క్రౌథర్ పెదవి విరిచి, ఆ సంవత్సరాంతముననే దానిని పది ఉత్తమ చిత్రములలో చేర్చెను. 1992లో అమెరికా దేశపు జాతీయ చిత్రసంచయమున దానికి స్థానము లభించెను. 2001లో అమెరికన్ ఫిలిం ఇన్‌స్టిట్యూట్ వారు ఉత్కంఠభరిత చిత్రములలో దానికి ప్రథమస్థానమిచ్చిరి.

హత్యాఘట్టము లోకమునకు తెలిసినదే కనుక దానిని చెప్పితిమి. దాని వెనుకనున్న అసలు రహస్యమును మాత్రము చెప్పలేదు. ఆ చిత్రమును చూడనివారు నేటికిని ప్రతి ఇంట ఉందురు. పిల్లలు పెరిగి పెద్దవారైనకొలది క్రొత్తవారు పుట్టుచునే యుందురు. వారి ఎదుట ముగింపును చెప్పి మన తెలివిని చాటుకొనుట సులభము. చెప్పక, దీపమార్పి, వారి ప్రక్కన మౌనముగ కూర్చుండుటయే పెద్దరికము.