తీగ

స్తంభాల మీద సాగేది కరెంటు తీగ. ఇంటి గోడలో దాగేది వైరు. రెంటిలోనూ పారేది ఒకే కరెంటు. గాలివానకు తెగిపడి, తెల్లవారుజామున పొలానికి వెళ్లిన రైతును పొట్టన పెట్టుకున్నది తీగే అంటాం. అక్కడ వైరు అన్న మాట నోటికి రాదు. అదే ఎలక్ట్రికల్ షాపులో మీటర్ల లెక్కన కొనేటప్పుడు ‘తీగ’ కావాలంటే కుర్రవాడు ఒక్క క్షణం ఆగుతాడు. పైన ప్లాస్టిక్ తొడుగు పడగానే తీగ మన నోట వైరైపోయింది.

ఆ పాత మాట దగ్గరికి నన్ను మళ్లీ నడిపించింది ఇంట్లో నేను కట్టుకున్న సీఎన్‌సీ రౌటర్. కంప్యూటర్ చెప్పిన దారిలో కదులుతూ చెక్కను చెక్కే యంత్రం అది. చట్రం బిగించడం కొలతల పని, ఓపిక ఉంటే అయిపోయింది. ఆ తర్వాత బల్ల మీద మిగిలింది తీగల కుప్ప. నాలుగు స్టెప్పర్ మోటార్లు, ఒక్కోదానికి నాలుగు తీగలు. మోటారును నడిపే ఒక్కో డ్రైవర్‌కు అడుగు వెయ్యమనే తీగ ఒకటి, ఎటు తిరగాలో చెప్పేది ఇంకొకటి. అంచుల్లో, హద్దుకు తగిలితే యంత్రాన్ని ఆపే లిమిట్ స్విచ్‌లు, చేతికందే చోట ఎమర్జెన్సీ బటన్, చెక్కే పనిముట్టును తిప్పే స్పిండిల్‌కు విడిగా లావుపాటి కేబుల్.

నిఘంటువు తెరిస్తే తీగ ముందు మొక్క. మల్లెతీగ, తిప్పతీగ, కాకరతీగ. పాతకాలం రాతలో ఇది ‘తీఁగ’, మధ్యన అరసున్నతో. ‘తీవ’ అన్న రూపమూ ఉంది. తనంతట తాను నిలబడలేనిది, దొరికినదాన్ని పట్టుకుని పాకేది, సన్నగా ఉండి సాగేది. ఈ పోలిక పట్టుకునే మాట ఎన్ని చోట్లకో పాకింది. వీణ మీద బిగించింది తీగ. బెల్లం వేళ్ల మధ్య సాగితే తీగపాకం. మబ్బులో ఒక్కసారి మెరిసి మాయమయ్యేది మెరుపుతీగ. కరెంటు మన ఊళ్లకు రాకముందే తెలుగువాడు ఆకాశంలో విద్యుత్తును చూసి దానికి తీగ అని పేరు పెట్టాడు! స్తంభాలు పాతి లోహాన్ని లాగిన రోజున కొత్త మాట వెతుక్కోవలసిన పని పడలేదు.

సంస్కృతం ఇదే వస్తువును ఇంకోలా చూసింది. ‘తన్’ అంటే సాచడం, చాచడం. దాని నుంచి తంతువు, తంత్రి, తంత్రం వచ్చాయి. తంత్రం అంటే మగ్గం కూడా. దారాలను సాచి కట్టే నేర్పు క్రమంగా ఏ నేర్పుకైనా పేరైంది. తీగ మీద వచ్చేది కాబట్టి టెలిగ్రాం మనకు తంతి అయింది. 2013లో ఆ సేవ ఆగిపోయినా, పెద్దవాళ్లకు ‘తంతి వచ్చింది’ అంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. తంత్రి మనిషి సాచినది. తీగ తనంతట తాను సాగేది.

తెలుగులో దీనికి పక్కింటి మాట ఒకటుంది: కమ్మి. తమిళంలో కంబి అంటే తీగే. కంసాలి బంగారాన్ని సన్నగా లాగే బెజ్జాల పలక కమ్మచ్చు. అయితే మన వాడుకలో కమ్మి గట్టిపడింది; కిటికీకి కమ్మీలు, స్లాబుకు కమ్మీలు. కమ్మి నిలుస్తుంది, తీగ వంగుతుంది. ఈ తేడా విలువ యంత్రం దగ్గర తెలిసింది. మొదట్లో గోడల్లో వేసే ఒంటి రాగితీగ కొంత మిగిలి ఉంటే అదే వాడాను. రౌటర్ తల రోజంతా అటూ ఇటూ పరుగులు పెడుతుంటే ఆ రాగి ఒకేచోట వంగి వంగి తొడుగు లోపలే తెగింది. నేను వేసింది కమ్మి, అక్కడ కావలసింది తీగ. సన్నని పోగులెన్నో పేనిన మల్టీ స్ట్రాండ్ వైరు వేసి, కాస్త వదులుంచి, ప్లాస్టిక్ గొలుసు కాలువలో పడుకోబెట్టాక అది కదలికకు ఓర్చుకుంది. ఆ గొలుసు దానికి పందిరి.

తీగ గుణాల్లో రెండోది అల్లుకోవడం. లిమిట్ స్విచ్ తీగను స్పిండిల్ కేబుల్ పక్కనే పరిచాను, చూడ్డానికి పొందికగా ఉంటుందని. స్పిండిల్ తిరగగానే, ఎవరూ ముట్టకుండానే స్విచ్ నొక్కుకున్నట్టు యంత్రం ఆగిపోయేది. రెండు తీగలు ముట్టుకోనక్కర్లేదు, పక్కపక్కన పాకితే చాలు, ఒకదాని అలజడి ఇంకొకదానికి అంటుతుంది. వాటిని ఎడంగా జరిపాను. స్విచ్‌కు వెళ్లే తీగను, తిరిగి వచ్చే తీగను జడలా మెలివేశాను. పైన అల్లిక కవచం ఉన్న కేబుల్ తెచ్చి, కవచాన్ని కంట్రోలర్ పెట్టె వైపు మాత్రమే ఎర్త్‌కు కలిపాను. రెండు కొసలూ నేలకు కలిస్తే ఆ కవచమే ఒక వలయమై కొత్త అలజడి తెస్తుంది. మల్లెతీగకు వేరు ఒక్కచోటే.

ఇంకో మార్పూ చేశాను. మామూలుగా తెరిచి ఉండి, తగిలితే కలిసే స్విచ్‌ల బదులు, మామూలుగా కలిసి ఉండి, తగిలితే విడిపోయేవి పెట్టాను. ఇప్పుడు తీగ ఎక్కడ తెగినా యంత్రం దాన్ని స్విచ్ తగిలినట్టే తీసుకుని ఆగిపోతుంది. తెగిన తీగ ఊరుకోకుండా తెగానని చెప్పే ఏర్పాటు అది. పొలంలో తెగిపడిన ప్రతి తీగకూ ఆ నోరు ఉండాలని నా కోరిక.

మోటారు తీగల్లో ఏ రెండు జంటో తెలియకపోతే ఒక చిన్న ఉపాయముంది. కరెంటు లేనప్పుడు, డ్రైవర్‌కు కలపని మోటారులో రెండు కొసలు కలిపి ఇరుసు తిప్పి చూడాలి. తేలిగ్గా తిరిగితే జంట కాదు. వేళ్లకు ఎదురు తిరిగి బిగిస్తే అవి రెండూ ఒకే చుట్ట కొసలు. మల్టీమీటరు చేతికి తీసుకోకముందే వేళ్లు చెప్పేస్తాయి.

‘తీగ లాగితే డొంకంతా కదిలింది’ అంటాం. ఇప్పుడది అవినీతి బయటపడ్డ వార్తలకు శీర్షికైపోయింది. కానీ చేను గట్టున ఆ మాట పుట్టించినవాడు నేరం గురించి అనలేదు. కలిసి పెరిగినవాటిలో ఒకదాన్ని కదిపితే ఏమవుతుందో కళ్లారా చూసి చెప్పాడు. నా పెట్టెలో ఒక టెర్మినల్ స్క్రూ అరమలుపు వదులైన రోజున బల్ల అవతలి కొసన మోటారు వణికింది. ఆ వణుకును పట్టుకుని, ఒక్కో తీగనే వేళ్లతో తడుముకుంటూ వెనక్కి వచ్చాను. స్క్రూ బిగించి స్విచ్ వేశాను. మోటార్లు నెమ్మదిగా మొదలెట్టి, వేగం పెరిగేకొద్దీ స్వరం పెంచుకుంటూ పోయాయి. వీణ తీగకూ ఈ తీగకూ ఒకే పేరు ఎందుకుందో ఆ సాయంత్రం చెవులతో విన్నాను.