కూరకుండ దగ్గర మొదలైన పని



ఫిన్లండు దేశానికి తూర్పు కొసన ఉత్తర కరేలియా అనే సీమ ఉంది. అడవులు, సరస్సులు, పాడి. మగవాళ్ళు అడవిలో మాన్లు కొట్టి బతికిన కష్టజీవులు. అయినా 1960ల్లో నడివయసు దాటకుండానే గుండెజబ్బుతో రాలిపోయేవారు. లోకంలో అంత చావు ఇంకెక్కడా లేదన్నంత పేరు పడింది. పోయినవాడు పోయె, వెనక పశువులూ పిల్లలూ ఎవరి నెత్తిన? ఇల్లాలి నెత్తినే కదా!

1971 జనవరిలో ఆ సీమ ప్రతినిధులు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. మరుసటేడు పథకం మొదలైంది. నడిపించింది పెక్కా పుస్కా అనే 27 ఏళ్ళ డాక్టరు. ఆయన చూపు ఆసుపత్రి మీద కాదు, చుట్ట మీదా, ఉప్పు మీదా, వెన్న మీదా పడింది. అక్కడ పదిమందిలో తొమ్మిదిమంది రొట్టెకు వెన్నే రాసుకునేవారు.

కుర్ర డాక్టరు చెప్తే మానేస్తారా? మన అత్తగారికి నెయ్యి తగ్గించమని చెప్పి చూడండి, తెలుస్తుంది! అందుకని ఆయన మార్తా సంఘాన్ని ఆశ్రయించాడు. 1899లో పుట్టిన గృహిణుల సంఘం అది. ఆ ఆడవాళ్ళు ఊరూరా 'దీర్ఘాయువు విందులు' పెట్టారు. కరేలియా కూరంటే కొవ్వు పంది మాంసం, నీళ్ళు, ఉప్పు, అంతే. వీళ్ళు మాంసం కొంత తగ్గించి క్యారెట్టు, బంగాళాదుంప, దుంపకూరలు వేసి వండి, తినిపించి చూపారు. ఉపన్యాసం తర్వాత, ముందు ముద్ద!

పాడిరైతులకు మాత్రం కోపం వచ్చింది, న్యాయమే. వెన్న మానితే వాళ్ళ బతుకేం కాను? 1980ల్లో బెర్రీపళ్ళ సాగుకి ప్రోత్సాహం మొదలయ్యాక కొందరు అటు మళ్ళారు.

2006 నాటికి పనిచేసే వయసు మగవాళ్ళలో గుండెపోటు చావులు 80 శాతానికి పైగా తగ్గాయి. మందులూ, వైద్యమూ కూడా మెరుగయ్యాయనుకోండి. అయినా తగ్గుదలలో పెద్దవాటా తిండి, పొగాకు అలవాట్లు మారడం వల్లనే అని లెక్క కట్టారు.