క్షేత్ర ప్రయోగం: కృష్ణా పశ్చిమ డెల్టాలో దాని చరిత్ర

పంట గురించి పుట్టిన ప్రశ్నకు పొలంలోనే జవాబు రాబట్టే పద్ధతి క్షేత్ర ప్రయోగం. కొత్త వంగడం పాతదానికంటే ఎక్కువ పండుతుందా? యూరియా ఒక్కసారే వేయాలా, మూడు దఫాలుగా వేయాలా? చౌడు మడిలో ఎన్ని రోజుల నారు నాటాలి? ఇవన్నీ దాని పరిధిలోకి వస్తాయి. ప్రయోగశాలలో గాజుగొట్టం కడిగేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు. పొలాన్ని అలా కడగలేం. ఏ రెండు మళ్లూ ఒకలా ఉండవు, ఏ రెండేళ్లూ ఒకలా రావు. ఆ తేడాల మధ్య నిజాన్ని గుర్తుపట్టే మార్గం వెతుకుతూనే ఈ శాస్త్రం ఎదిగింది.

నేల ఎంత మారుతుందో చూడాలంటే కృష్ణా పశ్చిమ డెల్టాలో ఒక్కరోజు తిరిగితే చాలు. చీరాలను ఆనుకున్న పేరాల నుంచి బాపట్ల దాకా సముద్రం ఒడ్డున ఇసుక నేలలు. తెనాలి వైపు నల్లరేగడి. రేపల్లె దాటి నిజాంపట్నం వైపు పోతే చౌడు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీరు ఈ నేలల మీదికి వచ్చింది. అయితే ఎగువ మడికి అందినంత నీరు శివారు మడికి అందదు. ఈ ప్రాంతపు రైతు "మా చేలో వేసి చూశాను, బాగా పండింది" అంటే అది నిజాయితీగా చెప్పిన మాటే. కానీ పండింది విత్తనం మహిమవల్లా, నేల సత్తువవల్లా, ఆ ఏడు కాలువ బాగా పారినందువల్లా అన్నది ఒక్క చేను చూసి ఎవరూ చెప్పలేరు.

పోలిక

ప్రయోగానికి మొదటి మెట్టు పోలిక. 1747లో బ్రిటిష్ నౌకా వైద్యుడు జేమ్స్ లిండ్ స్కర్వీతో బాధపడుతున్న 12 మంది నావికులను తీసుకుని, ఇద్దరిద్దరిని ఆరు జతలుగా విడదీసి, జతకొక మందు ఇచ్చాడు. మిగతా తిండి అందరికీ ఒకటే. నారింజ, నిమ్మ తిన్న జత ముందుగా కోలుకుంది. ఆ ఇద్దరూ పక్కన మరో పదిమంది లేకుండా కోలుకుని ఉంటే, వాళ్లు దేనివల్ల లేచి కూర్చున్నారో తెలిసేది కాదు.

తెలుగు నేల మీద ఇలాంటి జాగ్రత్తతో జరిగిన ఒక ప్రసిద్ధ ప్రయోగం వ్యవసాయానిది కాదు, మలేరియాది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ ఒక దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మైక్రోస్కోపులో ఆ నల్లటి చుక్కల కణాలు కనిపించిన క్షణాన్నే పుస్తకాలు గొప్పగా చెబుతాయి. నా దృష్టిలో అంతకంటే గొప్పది దాని ముందరి ఏర్పాటు. ఎక్కడో పట్టిన దోమలను కాకుండా, నీటిలోని పిల్లపురుగుల నుంచి తానే పెంచిన దోమలను రాస్ రోగి మీద వదిలాడు. అవి అంతకుముందు ఎవరినీ కుట్టలేదని అతనికి ఖాయంగా తెలుసు. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసినప్పుడు జబ్బు బాగా ఉన్న పక్షి, కొద్దిగా ఉన్న పక్షి, అసలు లేని పక్షి మీద వేరువేరుగా దోమలను వదిలి చూశాడు. ఆరోగ్యంగా ఉన్న పక్షిని కుట్టిన దోమల్లో ఆ కణాలు లేవు. వ్యవసాయ పరిశోధకులు 'చెక్' అనేది ఈ మూడో పక్షినే. కొత్త వంగడం పక్కన, అదే రోజున, అదే నారు వయసుతో నాటే పాత వంగడం అన్నమాట.

ఒకే విత్తనం, 500 మళ్లు

పొలంలో పోలిక ఒక్కటే సరిపోదని ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ కేంద్రంలో తేలింది. అక్కడ 1843 నుంచి ఎరువుల ప్రయోగాలు జరుగుతున్నాయి. మెర్సర్, హాల్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ఎకరం గోధుమ చేనును 500 చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క దిగుబడిని విడిగా తూచి, 1911లో ఆ లెక్కలు ప్రచురించారు. విత్తనం ఒకటే, ఎరువు ఒకటే, సేద్యం ఒకటే. అయినా బాగా పండిన ముక్కకూ తక్కువ పండిన ముక్కకూ దాదాపు రెట్టింపు తేడా వచ్చింది. అంటే ఒక మడిలో పాత విత్తనం, పక్క మడిలో కొత్త విత్తనం చల్లి, కొత్తది ఎక్కువ పండిందని సంబరపడితే, మనం కొలిచింది నేలను కావచ్చు, విత్తనాన్ని కాకపోవచ్చు.

1919లో రోథమ్‌స్టెడ్‌లో చేరిన రోనాల్డ్ ఫిషర్ దీనికి మూడు ఉపాయాలు కలిపి ఒక పద్ధతి కట్టాడు. 1925, 1935లలో వచ్చిన అతని రెండు పుస్తకాలు దాన్ని ప్రపంచమంతా వ్యాపింపజేశాయి. అందులో రెండోదాని పేరే 'ప్రయోగ రచన'.

మొదటి ఉపాయం రెప్లికేషన్. ఒక్కో వంగడాన్ని ఒక్క మడిలో కాక మూడు నాలుగు మళ్లలో వేయాలి. ఒకే వంగడం వేసిన మళ్ల మధ్య కనిపించే తేడా, ఆ పొలంలో నేల ఎంత ఆడిస్తుందో చెబుతుంది.

రెండోది బ్లాకులు. బాపట్ల దగ్గరి వరి చేనులో ఒక పక్క బోదె, ఇంకో పక్క మురుగు కాలువ ఉందనుకుందాం. బోదె పక్కన తేమ, మురుగు పక్కన చౌడు. అప్పుడు బోదెకు సమాంతరంగా పొలాన్ని పట్టీలుగా విడదీసి, ప్రతి పట్టీలోనూ అన్ని వంగడాలూ వచ్చేలా మళ్లు కట్టాలి. ఒక పట్టీలోని వంగడాలు ఒకే నేలను పంచుకుంటాయి గనుక వాటి పోలిక న్యాయంగా ఉంటుంది. పట్టీకీ పట్టీకీ ఉన్న తేడాను లెక్కలో విడిగా తీసేస్తారు. నేల వాలు ఎటో, చౌడు ఎటో ప్రయోగానికి ముందే తెలిసి ఉండాలి. ఇక్కడే ఆ ఊరి రైతు జ్ఞానం అక్కరకు వస్తుంది. ఏ మూల మొలక చస్తుందో కాగితం మీద గీతలు గీసే మనిషికంటే గట్టు మీద నడిచే మనిషికి బాగా తెలుసు.

మూడోది చీటీలు. ఒక పట్టీలో ఏ మడికి ఏ వంగడం అన్నది మనిషి ఎంచకూడదు, చీటీలు తీసి నిర్ణయించాలి. దీన్ని ఒప్పించడానికి ఫిషర్ చాలా పోరాడాల్సి వచ్చింది. గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేస్తూ 'స్టూడెంట్' అనే కలం పేరుతో రాసిన గొసెట్, వంగడాలను వరుస పద్ధతిలో పేర్చితేనే నేల తేడాలు బాగా సర్దుకుంటాయని 1937లో చనిపోయేదాకా వాదించాడు. ఆ వాదనలో పస లేకపోలేదు. కానీ వరుసగా పేరిస్తే వచ్చిన ఫలితం ఎంతవరకు నమ్మదగిందో లెక్కగట్టడం కష్టం. చీటీలు వేస్తే ఆ లెక్క దొరుకుతుంది. ఫిషర్ దీన్ని ఎనిమిది కప్పుల టీతో వివరించాడు, మనం ఎనిమిది మళ్లతో చూద్దాం. చీటీలు తీసి నాలుగు మళ్లలో కొత్త విత్తనం, నాలుగింటిలో పాతది వేశాం. ఎనిమిది మళ్లలో నాలుగింటిని 70 రకాలుగా ఎంచుకోవచ్చు. కోతలయ్యాక పై నాలుగు దిగుబడులూ కొత్త విత్తనానివే అయ్యాయనుకోండి. రెండు విత్తనాల మధ్య అసలు తేడా లేకపోతే, ఇలా కేవలం అదృష్టం కొద్దీ జరిగే అవకాశం 70లో ఒకటి. ఆ 'ఒకటి' చెప్పగలగడమే చీటీల వల్ల కలిగిన లాభం.

వరికి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. నీరు గట్టు కిందుగా పక్క మడిలోకి ఊరుతుంది. ఒక మడికి ఎక్కువ నీరు, పక్క మడికి తక్కువ నీరు పెట్టి పోల్చాలంటే చిన్న మళ్లతో కుదరదు. అందుకే నీటిని పెద్ద మళ్లకు ఇచ్చి, మధ్య జోడు గట్లు పోసి, ఆ పెద్ద మళ్ల లోపల చిన్న మళ్లలో నత్రజని మోతాదులు మారుస్తారు. దీన్నే స్ప్లిట్ ప్లాట్ అంటారు. గట్టు పక్కన పెరిగే దుబ్బులకు గాలీ వెలుతురూ ఎక్కువ తగిలి పిలకలు ఎక్కువ వేస్తాయి. అందుకని అంచు వరుసలు వదిలి లోపలి పైరునే కోసి తూస్తారు. దిగుబడి అంచనా కోసం చేలో కొంత ముక్క కోసి తూచే పంట కోత ప్రయోగాల్లో ఈ అంచు సంగతి పెద్ద చర్చే అయింది. మరీ చిన్న ముక్కలు కోస్తే అంచున ఉన్న దుబ్బులు లోపలికి చేరి దిగుబడి ఎక్కువగా కనబడుతుందని 1940లలో గణాంక శాస్త్రవేత్త పి.వి. సుఖాత్మే చూపించాడు.

కలకత్తా మీదుగా

ఈ పద్ధతి మన దేశంలో వేళ్లూనడానికి ప్రధాన కారకుడు ప్రశాంత చంద్ర మహలనోబిస్. అతను 1931లో కలకత్తాలో స్థాపించిన భారత గణాంక సంస్థకు 1937–38 చలికాలంలో ఫిషర్ స్వయంగా వచ్చాడు. ఆర్.సి. బోస్, కె.ఆర్. నాయర్ అక్కడే ప్రయోగ రచనకు కొత్త గణితం కూర్చారు. 1941లో ఆ సంస్థలో చేరిన కల్యంపూడి రాధాకృష్ణ రావు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన తెలుగువాడు. నీరు, ఎరువు, విత్తనం, నాటే ఎడం వంటి అనేక అంశాలను అన్ని కలయికలూ పరీక్షించకుండా, ఎంపిక చేసిన కొన్నిటితోనే తేల్చుకోవడానికి పనికొచ్చే 'ఆర్థోగొనల్ అర్రే'లను ఆయన 1947లో ప్రతిపాదించాడు. తర్వాత అవి పొలం దాటి కర్మాగారాల్లోకి వెళ్లాయి. ఆయన 2023లో, నూరేళ్లు దాటాక కన్నుమూశాడు. పాన్సే, సుఖాత్మే కలిసి వ్యవసాయ పరిశోధకుల కోసం రాసిన గణాంక గ్రంథం 1954లో వచ్చింది. మన దేశపు వ్యవసాయ కళాశాలల్లో తరతరాల విద్యార్థులు ప్రయోగాల లెక్కలు నేర్చుకున్నది దాని నుంచే.

బాపట్ల

బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945లో మొదలైంది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దానిలో భాగమైంది. ఇక్కడి పరిశోధన కేంద్రం వరి వంగడాలకు బాపట్ల పేరులోని అక్షరాలతో 'బీపీటీ' అని సంకేతం. 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, తెలుగువాళ్ల కంచాల్లోకి అంతగా చేరడానికి వెనకున్నది ఒక సంకరం. కోయంబత్తూరులో ఎంపికై 1921లో విడుదలైన జీఈబీ 24కు మంచి బియ్యమని పేరు. తైవాను నుంచి వచ్చిన పొట్టి రకం తైచుంగ్ నేటివ్ 1 పడిపోకుండా నిలబడేది. ఈ రెండింటి సంతానాన్ని మసూరితో కలిపారు. మసూరి కూడా దూరం నుంచే వచ్చింది. 1950లలో కటక్‌లో నడిచిన ఇండికా–జపోనికా సంకర కార్యక్రమం నుంచి పుట్టి, మలేషియాలో ఎంపికైంది.

సంకరం చేయడం ఒక్క పూట పని. ఆ తర్వాతిదే ప్రయోగం. సంకరం రెండో తరంలో ఏ దుబ్బుకు ఆ దుబ్బే వేరు. వాటిలో ఎంచి, తరం తరం నాటి, గుణం స్థిరపడిన వరుసలనే దిగుబడి పరీక్షలకు తెస్తారు. అక్కడి నుంచి ఒక వంగడం తనకు పుట్టిల్లయిన పొలం దాటాలి. 1965లో హైదరాబాదు కేంద్రంగా మొదలైన అఖిల భారత సమన్వయ వరి పథకంలో దేశమంతటి కేంద్రాలు ఒకే పరీక్షను తమ తమ నేలల్లో నాటుతాయి. వంగడానికి పేరు ఉండదు, ఒక సంఖ్య ఉంటుంది. పక్కన జాతీయ చెక్, ప్రాంతీయ చెక్, స్థానిక చెక్ ఉంటాయి. ఒక్క ఏడాది ఫలితంతో సరిపెట్టుకోరు. కారణం ఈ తీరంలో ఎవరికైనా తెలుసు. 150 రోజుల దాకా సాగే పైరు కోతకు వచ్చేది తుపానుల రోజుల్లోనే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి ఏడు నిలిచినదానికీ మంచి ఏడు పండినదానికీ ఒకే మాట చెప్పలేం.

ఇసుక నేలల్లో మరో రకం ప్రశ్న తలెత్తింది. పేరాల, బాపట్ల తీరాన వాననీరు ఉప్పునీటి పైన పలచటి పొరగా తేలుతుంది. రైతులు లోతు తక్కువ గుంటలు, అంటే దొరువులు తవ్వి, ఆ తీపినీటిని కుండలతో తోడి నారుమళ్లకు, కూరగాయలకు పోసేవారు. మోటారు పెట్టి గట్టిగా తోడితే అడుగునున్న ఉప్పునీరు పైకి వస్తుంది. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన విభాగం లోతుకు పోకుండా, చిల్లులున్న గొట్టాలను అడ్డంగా పరిచి, పై పొర నీటిని ఒక బావిలోకి చేర్చే మెరుగైన దొరువును రూపొందించింది. తోడే కొద్దీ నీటి ఉప్పదనాన్ని కొలుస్తూ పోవడమే అందులో అసలు పరీక్ష. రైతు నాలుకకు తెలిసిన హద్దుకు అది ఒక అంకెను చేర్చింది.

ఎండాకు తెగులు, కత్తెర

సాంబ మసూరికి పెద్ద బలహీనత ఎండాకు తెగులు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), వరి పరిశోధన సంచాలకాలయం కలిసి ఈ తెగులును తట్టుకునే మూడు జన్యువులను (ఎక్స్‌ఏ 21, ఎక్స్‌ఏ 13, ఎక్స్‌ఏ 5) దానిలోకి తెచ్చాయి. మొదటిది ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చినది. ఆ జన్యువులున్న వరుసతో సంకరం చేసి, వచ్చిన సంతానాన్ని నాలుగు మార్లు మళ్లీ సాంబ మసూరితోనే కలిపారు. ప్రతి తరంలో డీఎన్‌ఏ గుర్తులు చూసి, జన్యువులున్న మొక్కలనే ముందుకు తెచ్చారు.

ఇక్కడ ప్రశ్న రెండు ముఖాలది. తెగులు ఆగిందా? బియ్యం చెడలేదు కదా? మొదటిదానికి కత్తెరను తెగులు బాక్టీరియా ఉన్న నీటిలో ముంచి, ఆకుల కొనలు కత్తిరించి, రెండు వారాల తర్వాత ఎండిన మేర ఎంత పొడవుందో స్కేలుతో కొలిచారు. పక్కనే మామూలు సాంబ మసూరికీ అదే కత్తెర, అదే రోజున. అది బాగా ఎండితేనే కొత్తదాని పచ్చదనానికి అర్థం. రెండోదానికి తెగులు లేని మళ్లలో రెండింటి దిగుబడీ గింజ పొడవూ వంట గుణాలూ పోల్చారు. మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది.

ఇప్పుడు సన్న గింజ వరుసల పరీక్షల్లో కొత్త వంగడాల నాణ్యతను పోల్చేది బీపీటీ 5204తోనే. తెగుళ్ల నర్సరీల్లోనూ అదే ఉంటుంది, కాకపోతే అక్కడ తెగులు తప్పక సోకే చెక్‌గా నాటుతారు.